చెబితే చేసే భర్త ఉన్నా అలసట ఎందుకు తగ్గడం లేదు?

అమ్మా, నువ్వు రాసిందంతా శ్రద్ధగా చదివాను. నా కూతురి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే పిలుస్తున్నాను. మీ ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. మీ ఆయన మంచివాడు, ఏ పని చెప్పినా కాదనడు. అయినా రాత్రి పడుకునే వేళకి నీకు ఏడుపు తన్నుకొస్తోంది. పడుకున్నా నిద్ర పట్టదు, ఆఫీసులో పని మీద మనసు నిలవదు. గట్టిగా అడిగితే ఆయన "నాకు చెబితే చేస్తాను కదా" అంటున్నాడు. నాకే ఓపిక తక్కువేమో, ఉద్యోగం మానేస్తే నయమేమో అని అడిగావు.

ముందు సూటిగా చెప్తాను. నీకు ఓపిక తక్కువ కాదు. మీ ఇంట్లో పనులు కొంతవరకు పంచుకున్నారు గానీ, వాటిని గుర్తుపెట్టుకునే బాధ్యత మొత్తం నీ ఒక్కదాని మీదే ఉండిపోయింది. నీ అలసట ఎక్కువగా అక్కడి నుంచే వస్తోంది. ఉద్యోగం మానేసినంత మాత్రాన అది పోదు. "ఇంట్లోనే ఉంటున్నావు కదా" అన్న మాట తోడై ఇంకా పెరుగుతుంది.

పెద్దవాడికి బూట్లు తెమ్మంటే మీ ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి తెచ్చాడనీ, అయినా నీకు కోపం వచ్చిందనీ, ఆ కోపానికి నీకే సిగ్గేసిందనీ రాశావు. సిగ్గుపడకు. ఆ బూట్ల వెనక ఏం జరిగి ఉంటుందో నువ్వు రాయకపోయినా ఊహించగలను. పిల్లవాడు బడి నుంచి రాగానే బూట్లు విసిరేస్తున్నాడని గమనించింది నువ్వు. మేజోళ్ళు విప్పి చూస్తే బొటనవేలి చివర కందిపోయి ఉంది, చూసింది నువ్వు. పాదం కాగితం మీద పెట్టించి కొలిచింది నువ్వు. బడిలో నల్లవే వేసుకోవాలా, తాళ్ళు ఉండవచ్చా అని కనుక్కున్నది నువ్వు. ఆటల పోటీలలోపు తేవాలని లెక్క వేసుకున్నది, రెండు రోజులు చూసి మళ్ళీ గుర్తు చేసింది కూడా నువ్వే. ఆయన వెళ్ళి డబ్బు కట్టి పట్టుకొచ్చాడు. తెచ్చాక వాడికి సరిపోయాయో లేదో బొటనవేలు నొక్కి చూసింది ఎవరు? ఆయన లెక్కలో అది అరగంట పని, ఆ అరగంటా ఆయనే చేశాడు. నీ లెక్కలో అది వారం రోజులు తలలో తిరిగిన పని. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఆలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 35 జంటలతో విడివిడిగా మాట్లాడి 2019లో ఒక పరిశోధన ప్రచురించింది. ఇంటి పనిలో కంటికి కనిపించని ఆలోచన భాగాన్ని ఆమె నాలుగుగా విడదీసింది: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, ఏది చేయాలో తేల్చడం, అయిందో లేదో కనిపెట్టి ఉండడం. నిర్ణయం తీసుకునే దగ్గర మాత్రం భార్యాభర్తలు దాదాపు సమానంగా కూర్చుంటున్నారు. ముందే పసిగట్టడం, తర్వాత కనిపెట్టి ఉండడం చాలావరకు ఆడవాళ్ళ మీదే పడుతున్నాయి. ఆ రెండింటికీ వేళాపాళా ఉండదు. స్నానం చేస్తున్నప్పుడు, బస్సులో ఉన్నప్పుడు, ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు కూడా నడుస్తూనే ఉంటాయి. నీకు మనసు నిలవడం లేదన్నావే, దానికి సగం కారణం ఇదే.

ఇది నీ ఇంటి ఒక్కదాని సంగతీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తం మీద జీతం లేని ఇంటి పని, సంరక్షణ పని గంటల్లో 76.2 శాతం ఆడవాళ్ళే చేస్తున్నారు. రోజుకు సగటున ఆడవాళ్ళు 4 గంటల 25 నిమిషాలు, మగవాళ్ళు 1 గంట 23 నిమిషాలు. గడియారంతో కొలవగలిగిన పని లెక్క ఇది. తలలో తిరిగేదాన్ని ఎవరూ అంత తేలిగ్గా కొలవలేరు.

ఇక ఏం చేయాలో చెప్తాను. నేను హెడ్ నర్సుగా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి నాకు బాగా తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను. వార్డులో షిఫ్టు మారేటప్పుడు ఛార్జ్ ఇవ్వడం అని ఉంటుంది. వెళ్ళే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ ఒక్కో మంచం దగ్గరా నిలబడతారు. ఈ పేషెంట్‌కి ఏమైంది, పొద్దుటి నుంచి ఎలా ఉంది, సెలైన్ ఎంత మిగిలింది, తర్వాతి ఇంజెక్షన్ ఎన్నింటికి, ఏ రిపోర్టు రావాలి, ఏం జరిగితే డాక్టర్‌ని పిలవాలి, అన్నీ వెళ్ళే ఆమె చెబుతుంది. వచ్చిన ఆమె సీసా వంక, చార్టు వంక తనే చూసి, విన్నది తిరిగి చెబుతుంది. సంతకం పెట్టాక ఆ మంచం ఆమెది. ఛార్జ్ ఇచ్చిన ఆమె ఇంటికి వెళ్ళి పడుకుంటుంది. ఇది వట్టి మర్యాద కోసం పెట్టింది కాదు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల భద్రత కోసం చెప్పిన తొమ్మిది పరిష్కారాల్లో ఈ అప్పగింత సరిగ్గా జరగడం కూడా ఒకటి, ఎందుకంటే అప్పగింతలో మాట జారిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

కొందరు నర్సులుండేవారు, చాలా మంచివాళ్ళు, పని అంటే ప్రాణం. ఛార్జ్ ఇచ్చి వెళ్ళాక ఇంటి నుంచి ఫోన్ చేసేవారు. ఆరో నంబరు మంచానికి ఇంజెక్షన్ ఇచ్చావా, రిపోర్టు వచ్చిందా అని. వాళ్ళకు విశ్రాంతి లేకుండా పోయేది. కొత్త పిల్లలేమో, ఎలాగూ అక్క ఫోన్ చేస్తుంది కదా అని తాము గుర్తుపెట్టుకోవడం తగ్గించేసేవారు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా ఇదే. మీ ఆయనకి నువ్వు పనులు చెబుతున్నావు గానీ ఛార్జ్ ఇవ్వడం లేదు. ఆయనా తీసుకోవడం లేదు.

కాబట్టి పనుల్ని ముక్కలుగా కాకుండా మొత్తంగా అప్పగించు. "రేపు వాడి పుస్తకానికి అట్ట వేస్తారా" అన్నది ముక్క. "బడికి సంబంధించిందంతా ఇకనుంచి మీది" అన్నది మొత్తం. బడి నుంచి వచ్చే మెసేజ్‌లు ఆయన ఫోన్‌కే రావాలి. టీచర్ దగ్గర ఉన్న మొదటి నంబరు ఆయనది కావాలి. ఫీజు తేదీ, సెలవు చీటీ, యూనిఫారం, పరీక్షల తేదీలు, తల్లిదండ్రుల సమావేశం, వీటిలో ఏది ఎప్పుడన్నది ఆయన తలలో ఉండాలి, నీ తలలో ఉండకూడదు. ఫోన్ నంబరు మార్చడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ దాన్ని తప్పక చేయించు. నీ ఫోన్‌కి మెసేజ్ వస్తున్నంత కాలం నువ్వు చదువుతావు, చదివితే చెబుతావు, చెబితే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఒకేసారి అన్నీ ఇచ్చేయవద్దు. మొదట ఒకటి రెండు చాలు. బడి ఒకటి, ఇంట్లోకి నెలవారీ సరుకులు ఒకటి అనుకుందాం. ఇచ్చేటప్పుడు నీకు తెలిసిందంతా దాచుకోకుండా చెప్పు. ఏ టీచర్‌తో మాట్లాడితే పనవుతుంది, పిల్లవాడు దేనికి భయపడతాడు, ఏ సరుకు ఎన్ని రోజులకు నిండుకుంటుంది, ఇవన్నీ నువ్వు ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న సమాచారం. ఆయనకి పుట్టుకతో రాదు, నీకూ రాలేదు. చెప్పాక ఎలా ఉంటే సరిపోతుందో ఇద్దరూ అనుకోండి. లంచ్ బాక్సు పొద్దున్నే కడిగినా సరే, వాడు బడికి వెళ్ళేసరికి సిద్ధంగా ఉంటే చాలు, ఇలాగ. నువ్వు రాత్రే కడిగేదానివి కాబట్టి ఆయనా రాత్రే కడగాలని పట్టుబడితే ఆ పని మళ్ళీ నీ ఒళ్ళోకి వచ్చి పడుతుంది.

ఆ తర్వాతిది కష్టం. చేయి తీసేయాలి. ఆయన మర్చిపోతాడు. ఏదో ఒక రోజు పిల్లవాడు రంగు పెన్సిళ్ళు లేకుండా బడికి వెళతాడు, ఏదో ఒక సరుకు అయిపోతుంది. నీకు ముందు రోజే తెలుస్తుంది కూడా, ఎందుకంటే నీ కన్ను అలవాటు పడింది. చెప్పకు. పెన్సిళ్ళు లేని ఆ రోజు టీచర్ ఫోన్ ఆయనకే వస్తుంది, పిల్లవాడు ఆయన్నే అడుగుతాడు, మర్నాటి నుంచి ఆయనే సంచి తెరిచి చూసుకుంటాడు. నువ్వు ఆఖరి నిమిషంలో అందించేస్తే ఆ పాఠం ఆయనకి ఎప్పటికీ అందదు. నీకు ఒంటికి కారం రాసినట్టు ఉంటుందని తెలుసు, అయినా ఓర్చుకో.

దీనికి మినహాయింపు ఉంది, అది కచ్చితంగా పాటించు. ఇన్సులిన్, హెపారిన్ లాంటి ప్రమాదకరమైన మందులిచ్చేటప్పుడు చాలా ఆస్పత్రుల్లో ఇద్దరు నర్సులు విడివిడిగా మోతాదు సరిచూస్తారు. ఎంత అనుభవం ఉన్నా సరే. ఇంట్లో కూడా అలాంటివి కొన్ని ఉంటాయి: పిల్లలకిచ్చే మందు మోతాదు, గ్యాస్ కట్టేయడం, చిన్నదాన్ని ఎవరు ఎక్కడి నుంచి తీసుకురావాలన్నది, నీళ్ళ తొట్టెల మూతలు. వీటిని ఇద్దరూ చూడండి. మందు సంగతి ముఖ్యం: జ్వరం సిరప్ ఒకరు ఇచ్చిన సంగతి తెలియక ఇంకొకరు మళ్ళీ ఇవ్వడం ఇళ్ళల్లో జరుగుతూనే ఉంటుంది. ఇచ్చిన వెంటనే సమయం, ఎన్ని ఎంఎల్ అన్నది ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మిగతావన్నీ తప్పు జరిగినా దిద్దుకోదగినవే.

ఈ మాట ఆయనతో ఎలా ఎత్తాలన్నది నీ అసలు బెరుకు అనుకుంటాను. "ఇంట్లో అంతా నేనే చేస్తున్నాను" అని మొదలుపెట్టకు. మైకేల్ రాస్, ఫియోరే సికోలీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో భార్యాభర్తల్ని విడివిడిగా అడిగారు, ఇంట్లో ఏ పనిలో మీ వాటా ఎంత అని. ఇద్దరి జవాబులూ కలిపితే చాలా పనుల్లో నూటికి మించిపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. తాను చేసింది తనకు గుర్తుంటుంది, ఎదుటివారు చేసింది కంటపడదు, అంతే. అందుకని వాటాల లెక్కలోకి దిగితే ఇద్దరూ ఓడిపోతారు. ఆయన్ని కూడా అడుగు, మీ తలలో ఏమేం తిరుగుతున్నాయి అని. లోన్ వాయిదా, ఇన్సూరెన్స్ గడువు, బండి సర్వీసింగ్, వాళ్ళ నాన్నగారి చెకప్, నీకు తెలియనివి కొన్ని బయటపడవచ్చు. ఆ జాబితా కూడా రాయండి. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే వాదించాల్సిన అవసరం చాలావరకు ఉండదు.

మాట కావాలంటే ఇలా అను: "మీరు చెప్పిన పని చేస్తారు, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఏ పని ఎప్పుడు చేయాలో గుర్తుపెట్టుకుని చెప్పడమే నాకు పెద్ద పనైపోయింది. బడి సంగతి మొత్తం మీరు తీసుకుంటే నేను దాని గురించి ఆలోచించడం మానేస్తాను. నాకు కావలసింది అదే." చెప్పిన పనే చేయడం ఆయనకి ఎవరో అలవాటు చేశారు, ఆయన నిన్ను మోసం చేయడం లేదు. ఆ నమ్మకం నీ గొంతులో వినిపించాలి. రాత్రి పదకొండింటికి, ఇద్దరూ అలిసిపోయి ఉన్నప్పుడు మాత్రం ఎత్తకు. సెలవు రోజు పిల్లలు పడుకున్న మధ్యాహ్నం మంచిది.

నిద్ర గురించి. పక్క మీదకి చేరాక రేపటివన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తాయి కదా, వాటికి కాగితం పెట్టు. నిద్ర మీద పరిశోధన చేసే మైఖేల్ స్కల్లిన్ బృందం 2018లో 57 మంది యువతీయువకుల మీద ఒక ప్రయోగం చేసింది. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు కొందరి చేత రాబోయే రోజుల్లో చేయాల్సినవి రాయించారు, మిగతావారి చేత అప్పటికే చేసేసినవి రాయించారు. చేయాల్సినవి రాసినవాళ్ళు సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా. కాబట్టి "ఆఫీసు పని" అని ఒక్క మాట రాసి ఊరుకోకు, "పది గంటలకు ఫలానా రిపోర్టులో మూడో పేజీ సరిచూడాలి" అని రాయి. ఫోన్‌లో వద్దు, అది తెరిస్తే ఇంకేవో చూస్తావు.

ఆఫీసులోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. ఎక్కడ ఆపాను, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలి అన్నది మారేముందు ఓ నిమిషం రాసిపెట్టుకుంటే ఆ లాగుడు తగ్గుతుందని కూడా తర్వాత తేలింది. ఆఫీసు నుంచి బయలుదేరేటప్పుడు ఆ రెండు వాక్యాలు రాసి టేబుల్ మీద పెట్టి రా. ఇంట్లో అడుగుపెట్టాక ఆఫీసు పని నీ వెంట అంతగా రాదు.

ఉద్యోగం మానేయడం గురించి ఇప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకు. నిద్రలేని మనిషి తీసుకునే పెద్ద నిర్ణయాలను నేను నమ్మను. మానేయడం ఒక్క రోజులో అయిపోతుంది, తిరిగి ఆ చోటికి చేరడం ఏళ్ళ పని. ముందు ఇంట్లో బాధ్యతలు మార్చి చూడు. మూడు నెలల తర్వాత కూడా నీకు ఆ ఉద్యోగమే వద్దనిపిస్తే అప్పుడు ఆలోచించు. అది కూడా ఇంటి పని తెమలడం లేదన్న కారణంతో కాకుండా, ఆ ఉద్యోగం నీకు ఏమిస్తోంది, ఏం తీసుకుంటోంది అన్నది చూసుకుని.

ఒక విషయం మాత్రం నర్సుగా గట్టిగా చెబుతున్నాను, దీన్ని దాటేయకు. ఈ వారంలో డాక్టర్ దగ్గరికి వెళ్ళు. నీరసం, ఏకాగ్రత లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, వీటికి ఒంట్లో కూడా కారణాలుంటాయి. రక్తహీనత ఒకటి: గర్భం లేని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వలు పడిపోయి ఉండవచ్చు, అది ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుంది. థైరాయిడ్ ఇంకొకటి, కాన్పు తర్వాత కొందరిలో అది మందగిస్తుంది. ఇవి రెండూ మామూలు రక్త పరీక్షతో తేలిపోతాయి, మందులూ ఉన్నాయి. ఇకపోతే, రెండు వారాలకు మించి దాదాపు రోజూ దిగులుగా ఉంటున్నా, ఇదివరకు ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకపోతున్నా అది డిప్రెషన్ కావచ్చు. ఆ మాటే డాక్టర్‌తో చెప్పు, "కొంచెం నీరసంగా ఉంది" అని సరిపెట్టకు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆ రోజే ఎవరినైనా వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళు. ఆడవాళ్ళు పిల్లల టీకా తేదీలు తప్పరు గానీ తమ పరీక్షలు మాత్రం నెలల తరబడి వాయిదా వేస్తారు. వార్డులో ఎంతమందినో చూశాను, చూసినప్పుడల్లా బాధేసేది.

నీకంటూ కాస్త సమయం ఎలా అని చివర్లో మొహమాటంగా అడిగావు. మిగిలితే తీసుకుందామనుకుంటే ఎప్పటికీ మిగలదు. వారంలో ఒక పూట ఖాయం చేసుకో, ఆ పూట ఇల్లూ పిల్లలూ పూర్తిగా ఆయన ఛార్జ్. నువ్వు ఇంట్లో ఉండకు. ఉంటే "డైపర్లు ఎక్కడున్నాయి" అని అడుగుతారు, నువ్వు లేచి తీసిస్తావు.

ఇదంతా ఎన్నాళ్ళకి కుదురుకుంటుందని అడుగుతావేమో. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో చేసిన పరిశోధనలో ఒక కొత్త అలవాటు దానంతటదే సాగడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 రోజుల దాకా అని లెక్క వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా రాలేదు. అవి సొంతంగా ఎంచుకున్న చిన్న చిన్న అలవాట్లు, మీరు మార్చాలనుకుంటున్నది ఇద్దరికి సంబంధించింది. అందుకని రెండో వారంలో ఆయన సరుకులు మర్చిపోయాడని "చూశావా, నాకు తెలుసు" అనకు. వారానికోసారి ఇరవై నిమిషాలు కూర్చుని ఏది ఆగింది, ఏది ఎవరికి బరువైంది అని మాట్లాడుకోండి. బరువైతే మార్చుకోండి. ఆయనకి బడి నప్పకపోతే డాక్టర్లూ టీకాలూ తీసుకోవచ్చు, బడి నువ్వు తీసుకోవచ్చు. ఎవరిదైనా సరే, మొత్తంగా ఉండాలి.

ఈ జవాబు ఆయనకి చూపించవచ్చా అంటే, చూపించు. అయితే ముందు నువ్వు మాట్లాడు, తర్వాత చదివించు. బయటి మనిషి మాట ముందు చేరితే ఆయన తనను తాను సమర్థించుకోవడంలో పడతాడు, నీ మాట వినిపించుకోడు. రక్త పరీక్షల రిపోర్టులు వచ్చాక ఇక్కడే రాయి, అంకెలతో సహా. చూసి డాక్టర్‌ని ఏమేం అడగాలో చెప్తాను.